మీకు తెలుసా? కెప్టెన్ సమాధి రాయి మీద పేరు తప్పు!

ఎపిసోడ్ నడుస్తున్నంతసేపు ఏ అనుమానమూ రాదు. టీవీ కట్టేసి కంచం ముందు కూర్చున్నాక మొదలవుతుంది పురుగు తొలవడం. "అవునూ, అంత పెద్ద ఓడ ఉన్నవాళ్ళకి చిన్న పడవలాంటిది ఒకటి ఉండదూ? దిగి ఆ నలుగుర్నీ ఎక్కించుకు రావచ్చుగా?" ఈ జబ్బుకి ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఎప్పుడో పేరు పెట్టాడు: ఐస్‌బాక్స్ సీన్. సినిమా చూసి ఇంటికొచ్చి, ఐస్‌బాక్స్ తెరిచి చల్లటి చికెన్ ముక్క తీసుకుంటుండగా ఠక్కున తట్టే లొసుగు అన్నమాట. తన 'వెర్టిగో' గురించి మాట్లాడుతూ అన్నాడాయన. మనవైపు అయితే పెరుగన్నం సీన్ అనాలేమో.

ఈ పెరుగన్నం అనుమానాలకి పెట్టింది పేరు సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళు. అందులోనూ 'స్టార్ ట్రెక్'. 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో మొదలైన కథ ఇప్పటికీ ఏదో ఒక పేరుతో సాగుతూనే ఉంది. మన దూరదర్శన్‌లో కూడా ఒకప్పుడు ఆదివారాలు వచ్చింది. అరవయ్యేళ్ళ పాటు పదులమంది రచయితలు తలా ఓ చెయ్యి వేసిన కథలో పొరపాట్లు లేకపోతేనే వింత. అయితే పొరపాటు పట్టుకోవడం సగం ఆటే. అది ఎందుకు జరిగిందో తవ్వితే అసలు కథ బయటపడుతుంది. చాలాసార్లు ఎపిసోడ్ కన్నా అదే బాగుంటుంది.

ప్రాణ స్నేహితుడికి తెలియని పేరు

'స్టార్ ట్రెక్'లో ఎంటర్‌ప్రైజ్ అనే ఓడకి కెప్టెన్ కర్క్. పూర్తి పేరు జేమ్స్ టి. కర్క్. టి అంటే టైబీరియస్. అభిమానికి నిద్రలో లేపినా చెబుతాడు. కానీ 'వేర్ నో మ్యాన్ హ్యాజ్ గాన్ బిఫోర్' ఎపిసోడ్‌లో అతనికో సమాధి రాయి కనిపిస్తుంది. దాని మీద చెక్కి ఉన్నది జేమ్స్ ఆర్. కర్క్! ఆ రాయిని సృష్టించినవాడు గ్యారీ మిచెల్, కర్క్‌కి పాత స్నేహితుడు. పైగా అప్పటికే దేవుడంతటి శక్తులు వచ్చేశాయి అతనికి. సమస్తమూ తెలిసిన దేవుడికి స్నేహితుడి పేరులో అక్షరం తెలియదు.

కారణం మామూలే. అది సీరియల్ అమ్ముడుపోతుందో లేదో తెలియని రోజుల్లో, 1965లో, ప్రయోగంగా తీసిన ఎపిసోడ్. అప్పటికి టి అనే అక్షరమే ఖాయం కాలేదు. టైబీరియస్ అనే మాట అయితే 1974లో, యానిమేషన్ సీరియల్లో వచ్చింది మొదటిసారి.

మొదటి కథ మూడో వారం

ఇదే ఎపిసోడ్‌లో మరో తమాషా. అప్పట్లో ప్రసారమైనవాటిలో అది తీసిన వరసలో అన్నిటికన్నా ముందుది, ప్రసారమైన వరసలో మూడోది. రాక్షసిలాంటి జీవి ఉన్న 'ద మ్యాన్ ట్రాప్' ముందు వేస్తే జనం కూర్చుంటారని ఎన్‌బీసీ ఛానల్ వాళ్ళ లెక్క. దాంతో 1966లో ఇంట్లో కూర్చుని చూసినవాళ్ళకి రెండు వారాలు డాక్టర్ మెకాయ్ కనిపించి, మూడో వారం ఆయన స్థానంలో ఎవరో పెద్దాయన ప్రత్యక్షమయ్యాడు. యూనిఫారాలు మారిపోయాయి. ఓడ నడిపే సులు ఏదో సైన్స్ విభాగంలో ఉన్నాడు. నాలుగో వారానికి మళ్ళీ అందరూ యథాస్థానాల్లో! ఇక్కడ రచయిత తప్పు లేదు, ఎడిటర్ తప్పు లేదు. టేపులు సర్దినవాడి తప్పు.

2002లో 'ఫైర్‌ఫ్లై'కి ఇంతకన్నా అన్యాయం జరిగింది. పాత్రలు ఒకరికొకరు పరిచయమయ్యే మొదటి కథను ఫాక్స్ ఛానల్ అన్నిటికన్నా చివర్లో, డిసెంబర్‌లో వేసింది. అంటే పెళ్ళయి పిల్లలు పుట్టాక పెళ్ళిచూపులు.

చలికి వణుకుతున్న సులు

నన్నడిగితే సైన్స్ ఫిక్షన్ టీవీలో లొసుగులు నేర్చుకోవడానికి ఓనమాలు 'ద ఎనిమీ వితిన్' అంటాను. 1966 అక్టోబర్ 6న వచ్చింది. రాసింది రిచర్డ్ మాథెసన్, చెయ్యి తిరిగినవాడు. మనిషిని ఒకచోట మాయం చేసి మరోచోట ప్రత్యక్షం చేసే ట్రాన్స్‌పోర్టర్ యంత్రం చెడిపోయి, కర్క్‌ని ఇద్దరిగా చీల్చేస్తుంది. ఒకడు మరీ మెత్తన, ఒకడు మృగం. ఈలోగా కింద గ్రహం మీద సులు, మరికొందరు ఇరుక్కుపోయారు. చీకటి పడేకొద్దీ చలి ప్రాణాలు తీసేలా ఉంది. యంత్రంతో పైకి లాగితే వాళ్ళూ ఇద్దరిద్దరుగా చీలిపోతారు. పాపం సులు ఆయుధంతో రాళ్ళని కాల్చి, వాటి దగ్గర చలి కాచుకుంటాడు.

ఉత్కంఠగానే ఉంటుంది. కానీ చూసిన ప్రతివాడూ అడిగేది ఒకటే: కిందికి దిగే చిన్న నౌక, ఆ షటిల్, ఏమయింది?

ఏమీ కాలేదు. అసలు అప్పటికి పుట్టలేదు! ట్రాన్స్‌పోర్టర్ అనే ఊహ వెనకున్నదే పేదరికం. ప్రతి వారం ఒక మహానౌక కొత్త గ్రహం మీద దిగుతున్నట్టు చూపించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. మెరుపులు మెరిసి మనుషులు మాయమైపోతే చవక. మరి షటిల్? దాన్ని ప్లాస్టిక్ బొమ్మల కిట్లు అమ్మే ఏఎంటీ కంపెనీ వాళ్ళు కట్టించి ఇచ్చారు, బదులుగా ఓడ బొమ్మలు అమ్ముకునే హక్కు తీసుకుని. అది తెర మీదికి వచ్చింది 1967 జనవరి 5న, 'ద గెలిలియో సెవెన్' ఎపిసోడ్‌లో. సులు వణికిన మూడు నెలలకి.

ఇంకో సంగతి. సులు చలి గొడవ మాథెసన్ రాసిన కథలో లేనే లేదు. ఓడ మీద గండం చాల్లేదని సీరియల్ వాళ్ళు తర్వాత కలిపారు. అతుకు వేసినచోటే చిల్లు పడింది. పోనీ షటిల్ లేదనే అనుకుందాం. పంపిన హీటర్లు కూడా చీలిపోయి పనికిరాకుండా పోయాయంటారు. సరే, హీటరంటే మర. దుప్పటిలో చెడిపోవడానికి ఏముంది? ఓ పాతిక పడెయ్యొచ్చు కదా!

గోడలోంచి పోయేవాడు నేలలోంచి జారడేం?

1992 మే నెలలో వచ్చిన 'ద నెక్స్ట్ ఫేజ్' గుర్తుందా? 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్'లోది. ఇంజనీర్ జోర్డీ, అధికారిణి రో ఒక ప్రమాదంలో ఎవరికీ కనిపించని, దేనికీ తగలని స్థితిలోకి వెళ్ళిపోతారు. తోటివాళ్ళు పోయారనుకుని సంతాప సభ పెడతారు. వీళ్ళు అక్కడే తిరుగుతూ తమ గురించి ఎవరేమంటున్నారో వింటుంటారు. ఎంత బావుందో! మనుషుల్లోంచి, గోడల్లోంచి, బల్లల్లోంచి దూసుకుపోతుంటారు.

నేలలోంచి మాత్రం జారరు.

గోడ తగలనివాడికి నేల ఎలా తగులుతుంది? గాలి ఎలా పీలుస్తారు? పీల్చకపోతే ఎలా మాట్లాడతారు? కాంతి వాళ్ళలోంచి పోతుంటే కంటికి ఎలా కనిపిస్తుంది? ఇవేవీ ఎపిసోడ్ పట్టించుకోదు. ఇంకా గమ్మత్తేమంటే, ఇలాంటి స్థితిలోనే ఉన్న శత్రువుని ఒక్క తోపు తోస్తే ఓడ గోడలోంచి అంతరిక్షంలోకి కొట్టుకుపోతాడు. పక్క గోడ ఆపలేదు, కింది నేల ఆపింది.

ఈ ప్రశ్న ఎంత పాతబడిపోయిందంటే, 2001లో 'స్టార్‌గేట్ ఎస్‌జీ-1' వాళ్ళు తమ నూరో ఎపిసోడ్‌లో దాన్ని జోకుగా వాడుకున్నారు. 'వార్మ్‌హోల్ ఎక్స్‌ట్రీమ్!' అని దాని పేరు. కథలో ఒక టీవీ సీరియల్ షూటింగ్ జరుగుతుంటుంది. గోడల్లోంచి నడిచిపోయే నేను నేలలోంచి ఎందుకు పడిపోవడం లేదని నటి అడుగుతుంది. సమాధానం చెప్పే నాథుడు ఉండడు.

మరి 'మాయాబజార్'లో లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే మనమెవరం లేచి న్యూటన్ సూత్రం అడగలేదే? అక్కడ మాయ అని ముందే చెప్పారు. సైన్స్ ఫిక్షన్ వాళ్ళు "దీనికో లెక్క ఉంది" అని తామే అంటారు. లెక్క ఉందన్నాక ఎక్కాలు అప్పజెప్పమనడం చూసేవాడి హక్కు.

'బానే ఉన్నా' అనని మరమనిషి

'నెక్స్ట్ జనరేషన్'లో డేటా అనే మరమనిషి ఇంగ్లీషు మాటల్ని కుదించి పలకలేడు. 'ఐ యామ్' అంటాడే తప్ప 'ఐమ్' అనలేడు. 1988లో వచ్చిన 'డేటాలోర్' ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క మెలిక మీదే నడిచింది. అచ్చం అతనిలాగే ఉండే దుర్మార్గపు అన్న లోర్ దిగుతాడు. వాడు మాటలు కుదిస్తాడు. ఎవరు ఎవరో తేల్చే గుర్తు అదే. చివరికి లోర్‌ని తరిమేస్తారు. బాగానే ఉన్నావా అని కెప్టెన్ అడుగుతాడు. డేటా జవాబు: "ఐమ్ ఫైన్."

అంతే. అభిమానులు ఎగిరి గంతేశారు. అయితే ఓడలో మిగిలింది లోరేనన్నమాట, పారిపోయింది తమ్ముడన్నమాట! నిజానికి ఏ కుట్రా లేదు, జారిన మాటని ఎవరూ పట్టుకోలేదు. తెలుగులో డబ్బింగ్ రాసేవాడికి మాత్రం ఈ ఎపిసోడ్ మంచి పరీక్ష. డేటాచేత "నేను బాగుగానే ఉన్నాను" అని గ్రాంథికం పలికించి, లోర్ చేత "బానే ఉన్నా" అనిపించాలి. చివర్లో ఆ తప్పుని కూడా తప్పకుండా అనువదించాలి.

అన్నట్టు, డేటా పెంచుకునే పిల్లి పేరు స్పాట్. కొన్నాళ్ళు మగపిల్లి. 1994లో 'జెనెసిస్' ఎపిసోడ్‌లో పిల్లల్ని పెట్టింది. మొదట కనిపించినప్పుడు బొచ్చు పిల్లి, తర్వాత పొట్టిబొచ్చు నారింజ చారల పిల్లి. ఇంగ్లీషులో 'హీ' అని ఓసారి, 'షీ' అని ఓసారి అన్నారు గనక దొరికిపోయారు. తెలుగులో అయితే రెండూ 'అది'. సగం తప్పు వ్యాకరణమే మింగేసేది.

చిల్లర తప్పులు కొన్ని

'డార్మాక్' (1991) ఎపిసోడ్‌లో ఓడ కిరణం పేలుస్తుంది. ఆ కిరణం వచ్చేది టార్పిడోలు వదిలే గొట్టంలోంచి.

1991 సినిమా 'స్టార్ ట్రెక్ 6'లో జనరల్ చాంగ్ ఓడ పేలిపోతుంది. 1994 సినిమా 'జెనరేషన్స్'లో ఇద్దరు అక్కచెల్లెళ్ళ ఓడ పేలిపోతుంది. రెండూ ఒకే షాట్. దీన్ని తప్పు అనకూడదు, పొదుపు అనాలి.

ఓడని నడిపే స్ఫటికాలు మొదట్లో లిథియం స్ఫటికాలు. లిథియం అంటే నిజంగానే ఉన్న మూలకం కదా, రేపెవడైనా పట్టుకుంటాడు. అందుకని కొన్నాళ్ళకి డైలిథియం అన్నారు. లేని పదార్థానికి లేని గుణాలుంటే అడిగేవాడెవడు?

'స్టార్‌డేట్' అని కెప్టెన్ గంభీరంగా చెప్పే తేదీలకి మొదటి సీరియల్లో అర్థమే లేదు. నాలుగంకెలు, ఒక దశాంశం ఏదో ఒకటి వేసుకోండని రచయితలకిచ్చిన పుస్తకంలోనే ఉంది. తర్వాతి సీరియల్లో కాస్త బుద్ధి తెచ్చుకుని 41తో మొదలుపెట్టారు. 4 అంటే 24వ శతాబ్దం, 1 అంటే మొదటి సీజన్. ఏడో సీజన్‌కి 47 అయింది.

ఆ 47 మాటకొస్తే, ఈ అంకె ఎపిసోడ్లలో పదేపదే కనిపిస్తుంది. అది తప్పు కాదు, చిలిపితనం. రచయిత జో మెనోస్కీ చదివిన కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీలో 47 ఒక పాత వేళాకోళం. దాన్ని ఓడెక్కించాడు.

తప్పులకో గ్రంథం

ఇలా పట్టుకున్న తప్పుల్ని పుస్తకంగా అచ్చు వేసినవాడు ఫిల్ ఫారాండ్. 'ద నిట్‌పికర్స్ గైడ్ ఫర్ నెక్స్ట్ జనరేషన్ ట్రెక్కర్స్', 1993. నిట్‌పికర్ అంటే అక్షరాలా పేలు, ఈపులు ఏరేవాడు. ఆయన ప్రతి ఎపిసోడ్‌నీ గుడ్డిగా తిట్టలేదు, తప్పుల్ని జాతులుగా విడదీశాడు. కథలో లొసుగులు వేరు, ముందు ఒకటి చెప్పి తర్వాత మార్చినవి వేరు, యంత్రాల తిక్కలు వేరు, కంటిన్యుటీ, నిర్మాణం తప్పులు వేరు.

ఈ విభజన నాకు నచ్చుతుంది. కంటిన్యుటీ తప్పు అంటే గ్లాసులో పాలు ఒక షాట్‌లో సగం, మరో షాట్‌లో నిండుగా ఉండటం. అది సెట్ మీద జరిగేది. అక్కడ స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అని ఒకరుంటారు, ఏ చెయ్యి ఎక్కడుంది, ఏ గుండీ ఊడింది అని రాసుకోవడమే పని. మన సినిమాల్లో ఈ పని ఎక్కువగా అసిస్టెంట్ డైరెక్టర్ నెత్తిన పడుతుంది. కథలో లొసుగు కాగితం మీద జరుగుతుంది, దాన్ని ఏ గుండీలు లెక్కపెట్టేవాడూ ఆపలేడు. "నేనైతే అలా చెయ్యను" అనేది మూడో రకం. అది అసలు తప్పే కాదు. పాత్రకి తెలివి తక్కువై ఉండొచ్చు, మనందరికీ లేదూ? చాలామంది మూడోదాన్ని పట్టుకుని రెండోది దొరికిందని అరుస్తారు.

చూడని ముఖం మర్చిపోడట

ఖాన్ అనే విలన్ 'స్పేస్ సీడ్' ఎపిసోడ్‌లో వచ్చాడు, 1967 ఫిబ్రవరిలో. చెకోవ్ పాత్ర సీరియల్లో చేరింది ఆ తర్వాతి సీజన్‌లో. 1982 సినిమా 'ద ర్యాత్ ఆఫ్ ఖాన్'లో ఇద్దరూ ఎదురుపడతారు. ఖాన్ తేరిపార చూసి, ముఖం ఒకసారి చూస్తే మర్చిపోనంటూ చెకోవ్‌ని పేరు పెట్టి పిలుస్తాడు. ఎక్కడ చూశాడు నాయనా?

చెకోవ్ వేషం వేసిన వాల్టర్ కోనిగ్ అభిమానుల సభల్లో దీనికి తనదైన సర్దుబాటు చెప్పేవాడు. అప్పట్లో నేను ఓడలోనే ఉన్నాను, కాకపోతే తెర మీద కనిపించలేదు. ఓసారి బాత్రూంలో ఎక్కువసేపు ఉండి బయట ఖాన్‌ని నిలబెట్టేశాను, ఆ కోపంతో నా ముఖం గుర్తుపెట్టుకున్నాడు అని. ఏ సిద్ధాంతవ్యాసం కన్నా ఇదే నమ్మబుద్ధేస్తుంది.

స్కాటీ మర్చిపోయిన చావు

కారణం తెలిశాక కోపం పోయి జాలి పుట్టించే తప్పు ఇది. 1992 అక్టోబర్‌లో 'రెలిక్స్' వచ్చింది. కర్క్ నాటి ఇంజనీర్ స్కాటీ ట్రాన్స్‌పోర్టర్‌లో 75 ఏళ్ళు చిక్కుకుపోయి, తర్వాతి తరం వాళ్ళకి దొరుకుతాడు. తనను కాపాడింది ఎంటర్‌ప్రైజ్ ఓడ అనగానే ముఖం వెలిగిపోతుంది. మా కర్కే వచ్చుంటాడు నాకోసం అనుకుంటాడు. చూస్తే గొంతు పట్టేస్తుంది.

రెండేళ్ళకి 'జెనరేషన్స్' సినిమా. అందులో కర్క్ ఒక ప్రమాదంలో అంతరిక్షంలోకి కొట్టుకుపోతాడు, చనిపోయాడని అందరూ నమ్ముతారు. అది కళ్ళారా చూసినవాళ్ళలో ఒకడు... స్కాటీ. కథ ప్రకారం ఇది అతను ట్రాన్స్‌పోర్టర్‌లో చిక్కుకోవడానికి ముందే. పోయాడని తెలిసినవాడి కోసం ఎలా ఎదురుచూస్తాడు?

రెండు కథల్లోనూ కలం పట్టింది ఒకడే, రోనాల్డ్ డి. మూర్. ఆయనకి తెలియక కాదు. సినిమాలో ఆ స్థానాలు కర్క్ తోటివాళ్ళయిన స్పాక్‌కీ, డాక్టర్ మెకాయ్‌కీ రాసినవి. లియోనార్డ్ నిమోయ్, డిఫారెస్ట్ కెల్లీ మేం చెయ్యబోమన్నారు. వాళ్ళ మాటలు స్కాటీకి, చెకోవ్‌కి పంచారు. అందుకే ఆ సినిమాలో చెకోవ్ ఉన్నట్టుండి వైద్యం మొదలుపెట్టి, పత్రికలవాళ్ళని పట్టుకుని నువ్వూ నువ్వూ ఇక నర్సులు అంటాడు. ఆ మాట ఎవరిదో విన్నవెంటనే తెలిసిపోతుంది. డాక్టరుగారి చొక్కా చెకోవ్‌కి తొడిగారు.

75 ఏళ్ళ తర్వాత లేచిన మనిషికి తల తిరిగి చావు గుర్తు రాలేదని కొందరు సర్దుకుంటారు. ముసలివాళ్ళని చూసినవాళ్ళం, అదీ కాదనలేం.

క్యాలెండర్ చేసిన తప్పు

కొన్ని తప్పులు రాసిన రోజున తప్పులు కావు. ఖాన్ అనే ఆ మహావీరుడు 1992 నుంచి 1996 దాకా భూమిలో పావు వంతు ఏలాడని, యుద్ధాల్లో ఓడిపోయి 1996లో అంతరిక్షానికి పారిపోయాడని 'స్పేస్ సీడ్' చెప్పింది. 1967లో అది దూరపు భవిష్యత్తు. అన్నట్టు ఖాన్ మనవాడే, ఉత్తర భారతంవాడు, బహుశా సిక్కు అని కథలో అంటారు. వేసింది మెక్సికోలో పుట్టిన రికార్డో మోంటల్బాన్.

1996 వచ్చింది. ఖాన్ రాలేదు. ఆ నవంబర్‌లోనే 'వాయేజర్' సీరియల్ వాళ్ళు 'ఫ్యూచర్స్ ఎండ్' ఎపిసోడ్‌లో సరిగ్గా 1996 నాటి లాస్ ఏంజెలిస్‌కి వెళ్ళారు. ఎండ, సముద్రం, ట్రాఫిక్. ప్రపంచ యుద్ధం జాడ లేదు. ఒక బల్ల మీద మాత్రం ఖాన్ పారిపోయిన రకం ఓడ బొమ్మ పెట్టారు, తెలిసినవాడికి కన్ను గీటినట్టు. చివరికి 2023లో 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' తేల్చింది: భవిష్యత్తు నుంచి వచ్చినవాళ్ళు చరిత్రతో ఆడుకోవడం వల్ల ఆ యుద్ధాలు వెనక్కి జరిగాయట. కాలయాత్ర ఉన్న కథలో వాయిదాలకి కొదవేముంది.

38 టార్పిడోలు, రెండు బల్లులు

'వాయేజర్' కథ ఏమిటి? ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో పడిపోయిన ఒంటరి ఓడ. ఏది అయిపోయినా మళ్ళీ దొరకదు. 1995లోనే చెప్పారు: మన దగ్గర 38 టార్పిడోలే ఉన్నాయి, అయిపోతే కొత్తవి చేసుకునే దారి లేదు. చెప్పకుండా ఉంటే బతికిపోయేవాళ్ళు. చెప్పాక జనం వేళ్ళు మడవడం మొదలెట్టారు. ఏడు సీజన్లయ్యేసరికి 38 ఎప్పుడో దాటిపోయింది. అక్షయపాత్ర అన్నమాట, కాకపోతే ద్రౌపది లేదు.

అదే సీరియల్లో 1996 జనవరిలో వచ్చిన 'థ్రెషోల్డ్' అయితే రాసినవాళ్ళే తర్వాత మొహం చాటేసిన ఎపిసోడ్. టామ్ పారిస్ అనంతమైన వేగాన్ని అందుకుంటాడు. అంటే ఎక్కడికైనా క్షణంలో వెళ్ళొచ్చు. కాకపోతే ఆ ప్రయాణం తర్వాత మనిషి మారిపోతాడు. పారిస్, కెప్టెన్ జేన్‌వే ఇద్దరూ పెద్ద బల్లుల్లా మారిపోయి, ఓ గ్రహం మీద పిల్లల్ని కూడా కంటారు. తర్వాత ఓడలో డాక్టర్ ఇద్దర్నీ మళ్ళీ మనుషుల్ని చేసేస్తాడు.

ఇప్పుడు పెరుగన్నం దగ్గర ఆలోచించండి. ఎక్కడికైనా పోయే బండి దొరికింది. దాని వల్ల వచ్చే జబ్బుకి మందూ దొరికింది. అందరూ ఎక్కి క్షణంలో ఇల్లు చేరి, ఓ వారం బల్లులుగా ఉండి మందు వేయించుకుంటే సరిపోలా? సీరియల్ ఇంకో అయిదేళ్ళు నడిచింది.

మేకప్‌కి మాత్రం ఆ ఎపిసోడ్‌కే ఎమ్మీ వచ్చింది.

మూడుసార్లు మునిగిన అట్లాంటిస్

తప్పులకి ట్రెక్ ఒక్కటే కాణాచి అనుకుంటే బ్రిటన్‌వాళ్ళు నొచ్చుకుంటారు. 'డాక్టర్ హూ'లో అట్లాంటిస్ నగరం 1967లో ఒక రకంగా నాశనమైంది. 1971లో ఒక విలన్, దాన్ని నాశనం చేసింది మా జాతే అన్నాడు. 1972లో మళ్ళీ ఇంకో రకంగా నాశనమైంది.

అంతకన్నా తెగని తగువు ఒకటుంది. యూనిట్ అనే సైనిక దళం కథలు ఏ దశాబ్దంలో జరిగాయి? తాను 1980 నుంచి వచ్చానని డాక్టర్ వెంట తిరిగే సారా జేన్ 1975లో చెప్పింది. 1983లో వచ్చిన 'మాడ్రిన్ అన్‌డెడ్' మాత్రం, ఆ దళానికి పెద్దయిన బ్రిగేడియర్ 1977కే పదవి విరమించి బళ్ళో లెక్కలు చెప్పుకుంటున్నాడంది. అభిమానులు దశాబ్దాలు కొట్టుకున్నారు. 2008లో డాక్టర్ పాత్రే ఆ రోజుల్ని తలుచుకుంటూ డెబ్బైలా, ఎనభైలా అని తడబడింది. రచయితలు చేతులెత్తేశారని అర్థం.

నుదురు గురించి అడగొద్దు

క్లింగాన్లు 1967లో పుట్టారు, నున్నటి నుదుళ్ళతో. ముఖానికి రంగు, ఓ మీసం, అంతే. డబ్బులు లేవు. 1979లో సినిమా తీశారు, డబ్బులొచ్చాయి, నుదుటి మీద ఎముకల గట్లు లేచాయి. అది కథలో లొసుగా? కాదు, ఖాతా పుస్తకంలో జమ.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. 2005లో 'ఎంటర్‌ప్రైజ్' సీరియల్ రెండు ఎపిసోడ్లు ఖర్చుపెట్టి జన్యు ప్రయోగం, వైరస్ అంటూ కారణం చెప్పింది. ఓపిగ్గా అల్లారు, కాదనను. కానీ 1996లో 'డీప్ స్పేస్ నైన్' చెప్పిన కారణం ముందు అది దిగదుడుపే. ఆ సీరియల్‌వాళ్ళు 1967 నాటి కథలోకి కాలయాత్ర చేస్తారు. నున్నటి నుదుటి క్లింగాన్లని చూసి తెల్లబోయి, తమతో ఉన్న గట్ల నుదుటి వర్ఫ్ వైపు తిరుగుతారు. అతను బిగుసుకుపోయి, ఈ సంగతి బయటివాళ్ళతో మాట్లాడం అంటాడు. అచ్చం పెద్దమామయ్య రెండో పెళ్ళి ఊసెత్తితే ఇంట్లో వచ్చే సమాధానం.

జీన్స్ వేసుకున్న పెద్దమనిషి

2020 నవంబర్‌లో 'ద మాండలోరియన్' ఎపిసోడ్ ఒకటి వచ్చింది, పేరు 'ద సీజ్'. కార్ల్ వెదర్స్ నటిస్తూనే దర్శకత్వం వహించాడు. వీరులందరూ తుపాకులు పట్టుకుని కారిడార్‌లో పోరాడుతుంటారు. వెనక గోడ వారగా, టీషర్టు, జీన్స్, చేతికి వాచీ పెట్టుకున్న మనిషి ఒకడు. యూనిట్ మెంబరు, పాపం పక్కకి జరగలేదు. జనం వాడికి జీన్స్ గై అని పేరు పెట్టి నెత్తిన పెట్టుకున్నారు. కొద్ది రోజుల్లోనే డిస్నీవాళ్ళు ఎపిసోడ్‌లోంచి వాణ్ణి తుడిచేశారు.

నాకు ఆ తుడవడం నచ్చలేదు. జేమ్స్ ఆర్. కర్క్ రాయి అరవయ్యేళ్ళుగా అక్కడే ఉంది.

కర్క్ నెత్తి మీద పడిన ట్రిబుల్స్

1967 డిసెంబర్ 29న వచ్చిన 'ద ట్రబుల్ విత్ ట్రిబుల్స్' చాలామందికి ఇష్టమైన ఎపిసోడ్. ట్రిబుల్స్ అంటే గుండ్రటి బొచ్చు ప్రాణులు, పుడుతూనే ఉంటాయి. ధాన్యం కొట్లో దూరి తిని తిని పెరిగిపోతాయి. అక్కడున్నవి 17,71,561 అని స్పాక్ లెక్క చెబుతాడు. ఒక్కదానితో మొదలై, పన్నెండు గంటలకోసారి పదేసి పిల్లలు, మూడు రోజులు అని వివరం. కాగితం మీద వేసి చూడండి. ప్రతి విడతకీ ఒకటి పదకొండవుతుంది, మూడు రోజులకి ఆరు విడతలు. పదకొండుని ఆరుసార్లు గుణిస్తే సరిగ్గా 17,71,561. తప్పులు వెతకబోయినవాడికి ఒప్పు దొరికితే అదో రకం నిరాశ.

ఇక తప్పులాంటిది. కర్క్ పైనున్న కొట్టు తలుపు తీయగానే ట్రిబుల్స్ జలపాతంలా మీద పడి గొంతుదాకా కప్పేస్తాయి. అంతా పడిపోయాక కూడా, కర్క్ కోపంగా మాట్లాడుతుంటే, పైనుంచి ఒక్కొక్కటే వచ్చి అతని తలకి తగులుతుంటాయి. కొట్టు ఖాళీ అయింది కదా, మరి ఇవెక్కణ్ణుంచి? సెట్ మీద పైన కూర్చున్నవాళ్ళు విసురుతూనే ఉన్నారు. కింద ఏం జరుగుతోందో వాళ్ళకి కనిపించదు.

ఇరవై తొమ్మిదేళ్ళకి, ఇందాక చెప్పిన 'డీప్ స్పేస్ నైన్' కాలయాత్ర ఎపిసోడ్‌లో, పాత ఫిల్ములోకి కొత్త నటుల్ని కలిపారు. సిస్కో, డాక్స్ ఇద్దరూ ఆ ధాన్యం కొట్లో కూర్చుని బాంబు దాచిన ట్రిబుల్ కోసం వెతుకుతుంటారు. ఒక్కొక్కటే తీసి చూడటం, ఇది కాదని వెనక్కి విసిరెయ్యడం. విసిరినవన్నీ తెరిచి ఉన్న తలుపులోంచి కిందికి పోతున్నాయి. కింద నిలబడి ఉన్నది కెప్టెన్ కర్క్.